జీపీయూ కెర్నల్‌లో సైన్, లాగ్, పౌ: కంపైలర్‌లో మ్యాథ్ ఫంక్షన్లకు దారి వేయడం ఎలా

సీపీయూకి ప్రోగ్రామ్ రాసేటప్పుడు సైన్ ఫంక్షన్ ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ పట్టించుకోరు. హెడర్ పెడతాం, ఫంక్షన్‌ని పిలుస్తాం, లింకర్ సిస్టమ్‌లోని మ్యాథ్ లైబ్రరీని తెచ్చి కలుపుతుంది. అదే పిలుపు జీపీయూ కెర్నల్‌లో (జీపీయూ మీద నడిచే ఫంక్షన్‌లో) ఉంటే కలపడానికి అక్కడ ఏమీ ఉండదు. ఎన్‌విడియా వైపైతే పీటీఎక్స్ (ఎన్‌విడియా జీపీయూల అసెంబ్లీ లాంటి భాష) అసెంబ్లర్ ‘అన్‌రిజాల్వ్‌డ్ ఎక్స్‌టర్న్ ఫంక్షన్’ అని ఆగిపోతుంది. నిజానికి అలా ఆగిపోవడమే మంచిది. ఏ ఎర్రరూ రాకుండా కోడ్ నడిచిపోయి, జవాబులో చివరి అంకెలు తేడాగా వస్తే పట్టుకోవడం చాలా కష్టం.

మీ భాషకో, మీ కంపైలర్‌కో ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ చట్రం ఆధారంగా జీపీయూ సపోర్ట్ పెడుతుంటే ఈ పని ఏ వరసలో చేయాలో చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా ఎల్‌ఎల్‌వీఎం మీద కట్టిన సీ, సీ++ కంపైలర్ క్లాంగ్ నుంచి తీసుకున్నాను, ఎందుకంటే అందులో ఈ చిక్కులన్నిటికీ ఏదో ఒక పరిష్కారం ఇప్పటికే ఉంది. ఫంక్షన్ పేర్లను పలికే తీరులోనే రాస్తున్నాను. అండర్‌స్కోర్లు ఉన్నచోట అలాగే ఉంచాను.

ఒక్క నియమం ముందే గుర్తుపెట్టుకోండి. ఏ పిలుపు దేనిగా మారాలో డివైస్ లైబ్రరీని (జీపీయూ కోసం రాసిన మ్యాథ్ లైబ్రరీని) కలిపే లోపే తేలిపోవాలి. ఆ తర్వాత పుట్టిన పిలుపుకి దిక్కుండదు. కింద చెప్పేవాటిలో చాలా భాగం ఈ నియమం కోసం పడే పాట్లే.

1. ముందు పట్టిక వేసుకోండి

కోడ్ జోలికి వెళ్లకముందే ఒక పట్టిక రాయండి. అడ్డంగా టార్గెట్లు, నిలువుగా ఫంక్షన్లు. ప్రతి ఫంక్షన్‌కీ హాఫ్ (16 బిట్లు), ఫ్లోట్ (32), డబుల్ (64) అని మూడు వరసలు. ఒక్కో గడిలో నాలుగింటిలో ఒకటి రాయాలి: హార్డ్‌వేర్ ఇన్‌స్ట్రక్షన్, డివైస్ లైబ్రరీ ఫంక్షన్, వేరే ఫంక్షన్లతో కట్టింది, లేదా ‘లేదు, ఎర్రర్ ఇవ్వాలి’.

డివైస్ లైబ్రరీ అంటే ఏమిటో టార్గెట్‌ని బట్టి మారుతుంది. ఎన్‌విడియాకి లిబ్‌డివైస్ ఉంది. ఇది ఎల్‌ఎల్‌వీఎం బిట్‌కోడ్ ఫైల్, అంటే కంపైలర్ మధ్యదశ కోడ్ ఉన్న ఫైల్. అందులో ఫ్లోట్ సైన్ పేరు __ఎన్‌వీ_సైన్‌ఎఫ్, డబుల్‌ది __ఎన్‌వీ_సైన్. ఏఎండీకి దాని జీపీయూ సాఫ్ట్‌వేర్ రాక్‌ఎమ్‌తో వచ్చే ఓసీఎంఎల్ ఉంది, ఇదీ బిట్‌కోడే. అక్కడ పేరు __ఓసీఎంఎల్_సైన్_ఎఫ్32, అంటే టైపు పేరులోనే కనబడుతుంది. స్పిర్-వీ (వేర్వేరు కంపెనీల డ్రైవర్లు తీసుకునే మధ్యదశ కోడ్) దారి వేరు. ఓపెన్‌సీఎల్ ఎక్స్‌టెండెడ్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌లో సైన్‌కి ఒక నంబర్ ఉంటుంది. మీరు ఆ నంబర్ రాసి వదిలేస్తే మిగతాది డ్రైవర్ చూసుకుంటుంది. పని తక్కువే, కానీ కచ్చితత్వం మీద పట్టు కూడా అంతే తక్కువ.

వర్గమూలం, ఎఫ్ఎంఏ (గుణకారం, కూడిక కలిపి ఒకే రౌండింగ్‌తో), అబ్సల్యూట్ విలువ, ఫ్లోర్, సీల్, ట్రంక్, కాపీసైన్, మిన్, మ్యాక్స్ లాంటివాటికి మామూలుగా ఎల్‌ఎల్‌వీఎం ఇంట్రిన్సిక్ (కంపైలర్‌కి సొంతంగా తెలిసిన ఫంక్షన్) వాడితే చాలు, బ్యాకెండ్ (టార్గెట్ కోడ్ పుట్టించే చివరి భాగం) సరైన ఇన్‌స్ట్రక్షన్ ఇస్తుంది. వీటి కోసం లైబ్రరీకి వెళ్లకండి. కంపైలర్‌కి అర్థమయ్యే ఇంట్రిన్సిక్‌ని తీసుకెళ్లి ఫంక్షన్ పిలుపు వెనక దాచేస్తే ఆప్టిమైజర్ చేతులు కట్టేసినట్టే.

సైన్, కోస్, ఎక్స్‌ప్, లాగ్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. పీటీఎక్స్‌లో సైన్, కోస్‌లకు ఫ్లోట్‌లో ‘అప్రాక్స్’ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. ఎక్స్‌ప్, లాగ్ కూడా ఉన్నాయి గానీ అవి 2 ఆధారంగా పనిచేసేవి. డబుల్‌కి ఇలాంటి సైన్, కోస్ ఏవీ లేవు. పేరులోనే ఉన్నట్టు ఇవి ఉజ్జాయింపులు. అందుకే ఎన్‌విడియా బ్యాకెండ్ మామూలు ఎల్‌ఎల్‌వీఎం సైన్ ఇంట్రిన్సిక్‌ని ఊరికే తీసుకోదు. ఉజ్జాయింపు చాలు అని ఫాస్ట్-మ్యాథ్ ఫ్లాగ్ చెబితేనే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తుంది, లేకపోతే ‘కెనాట్ సెలెక్ట్’ అంటుంది.

ఏఎండీ బ్యాకెండ్ మాత్రం అదే ఇంట్రిన్సిక్‌ని ఫ్లోట్‌లో నోరెత్తకుండా తీసుకుంటుంది. వీ_సైన్_ఎఫ్32 అనే ఇన్‌స్ట్రక్షన్ కోణాన్ని రేడియన్లలో కాకుండా చుట్ల లెక్కన తీసుకుంటుంది. కాబట్టి బ్యాకెండ్ ముందు 1/2π తో గుణించి ఆ ఫలితాన్ని ఇన్‌స్ట్రక్షన్‌కి ఇస్తుంది. ఆ గుణకారం దగ్గరే ఒకసారి రౌండింగ్ జరుగుతుంది. కోణం పెద్దదయ్యేకొద్దీ ఆ చిన్న పొరపాటు చుట్టులోని భిన్న భాగాన్ని తినేస్తూ పోతుంది. ఒకే ఫ్రంటెండ్ (సోర్స్‌ని చదివే భాగం) కోడ్‌కి ఒక టార్గెట్‌లో కంపైల్ ఎర్రర్, ఇంకో టార్గెట్‌లో చప్పుడు లేని తప్పు జవాబు. పట్టికలో ఈ గడిని ఎర్ర రంగుతో నింపండి.

హాఫ్ వరసలు నింపడం తేలిక. ఎక్కువ ఫంక్షన్లకు ఫ్లోట్‌కి పెంచి, లెక్కించి, మళ్లీ హాఫ్‌కి కుదిస్తే సరిపోతుంది. ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టులో భాగమైన ఎంఎల్ఐఆర్‌లో మ్యాథ్ డయలెక్ట్‌ని ఎన్‌వీవీఎంకి (ఎన్‌విడియా వైపు మధ్యదశ రూపానికి) దించే పాస్ కూడా లైబ్రరీలో హాఫ్ ఫంక్షన్ లేని చోట ఇదే చేస్తుంది. ఎంఎల్ఐఆర్ వాడేవాళ్లకి పట్టికలో సగం తయారుగానే దొరుకుతుంది. అయినా ఏ ఆప్ ఏ పేరుగా మారుతోందో ఒకసారి కళ్లతో చూసుకోండి.

2. హెడర్లను దారికి తెచ్చుకోండి

సీ, సీ++ లాంటి భాష కాకపోతే ఈ అడుగు దాటేయవచ్చు. అయితే మాత్రం ఎక్కువ సమయం ఇక్కడే పోతుంది.

చిక్కు ఏమిటంటే, డివైస్ కోసం కంపైల్ చేసేటప్పుడు కూడా కంపైలర్ చదివేది హోస్ట్ (అంటే సీపీయూ వైపు) సిస్టమ్ హెడర్లనే. అవి హోస్ట్ ప్రాసెసర్ కోసం రాసినవి. వాటిలో ఇన్‌లైన్ అసెంబ్లీ ఉండొచ్చు, జీపీయూలో లేని లాంగ్ డబుల్ ఉండొచ్చు. లాంగ్ సైజు లినక్స్‌లో 64 బిట్లు, విండోస్‌లో 32 బిట్లు కాబట్టి ఎల్‌రౌండ్, ఎల్‌రింట్ లాంటివి హోస్ట్‌ని బట్టి వేరే లైబ్రరీ ఫంక్షన్‌కి వెళ్లాలి. క్యూడా (ఎన్‌విడియా జీపీయూ ప్రోగ్రామింగ్ పద్ధతి) కోసం క్లాంగ్‌లో ఉన్న హెడర్‌లో దీనికోసం విడిగా షరతు పెట్టి ఉంది.

ఇంకా సున్నితమైన సంగతి సీ++ వైపు ఉంది. జీసీసీతో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో ఫ్లోట్ సైన్ ఓవర్‌లోడ్ లోపల __బిల్టిన్_సైన్‌ఎఫ్‌ని పిలుస్తుంది. దానికి కాన్‌స్టెక్స్‌ప్ర్ (కంపైల్ సమయంలోనే లెక్కించగలిగేది) అని కూడా ఉంటుంది. క్లాంగ్ క్యూడా మోడ్‌లో కాన్‌స్టెక్స్‌ప్ర్ ఫంక్షన్లు దానంతటవే హోస్ట్‌కీ డివైస్‌కీ చెల్లుతాయి. అంటే యూజర్ స్టాండర్డ్ నేమ్‌స్పేస్ నుంచి సైన్ పిలిస్తే అది హోస్ట్ హెడర్ బాడీతోనే కెర్నల్‌లోకి వచ్చేస్తుంది. లోపలి బిల్టిన్ ఇంట్రిన్సిక్ అవుతుంది, ఇంట్రిన్సిక్ బ్యాకెండ్ దాకా వెళ్తుంది, అక్కడ పైన చెప్పిన గొడవ మొదలవుతుంది.

దీన్ని ఆపాలంటే హోస్ట్ మ్యాథ్ హెడర్‌ని చదవడానికి ముందే అవే సంతకాలతో డివైస్ ఫంక్షన్లను డిక్లేర్ చేయాలి. అవి ముందే ఉంటే, తర్వాత వచ్చే కాన్‌స్టెక్స్‌ప్ర్ వెర్షన్‌ని క్లాంగ్ డివైస్‌కి చెల్లనివ్వదు, హోస్ట్‌కే పరిమితం చేస్తుంది. క్లాంగ్‌లో దీనికోసమే ఒక ఫార్వర్డ్ డిక్లరేషన్ హెడర్ ఉంది. వరస ఇలా ఉంటుంది: ముందు డిక్లరేషన్లు, తర్వాత హోస్ట్ హెడర్, చివర్లో __ఎన్‌వీ_ ఫంక్షన్లను పిలిచే అసలు బాడీలు. ఈ వరస తారుమారైతే వచ్చే ఎర్రర్లు చూసి ఎవరికైనా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే అవి వందల లైన్ల ఓవర్‌లోడ్ గొడవలుగా కనబడతాయి, అసలు కారణం మాత్రం ఒక్క ఇన్‌క్లూడ్ స్థానం.

ఓపెన్‌ఎంపీ ఆఫ్‌లోడ్‌లో (ప్రాగ్మాలతో కోడ్‌ని జీపీయూకి పంపే పద్ధతిలో) ఫంక్షన్ల మీద డివైస్ అనే గుర్తు ఉండదు, కాబట్టి ఈ కిటుకు పనిచేయదు. అక్కడ డిక్లేర్ వేరియంట్ వాడాలి. ‘టార్గెట్ ఎన్‌వీపీటీఎక్స్ (ఎన్‌విడియా) అయితే సైన్‌కి బదులు ఈ వేరియంట్’ అని ప్రాగ్మా బ్లాక్‌లో పెడితే, పిలుపు దగ్గర ఎంపికని కంపైలర్ చేస్తుంది. ఈజ్‌నాన్, ఈజ్‌ఇన్ఫ్‌లను విడిగా టెస్ట్ చేయండి. హెడర్ వెర్షన్‌ని బట్టి ఇవి మ్యాక్రోలుగానో ఫంక్షన్లుగానో ఉంటాయి. తిరిగిచ్చే టైపు ఒకచోట ఇంట్, ఇంకోచోట బూల్.

3. బిల్టిన్ గుర్తింపు, ఎర్‌నో

సీపీయూ కంపైలర్‌కి సైన్‌ఎఫ్ అన్న పేరు చూడగానే అది మ్యాథ్ ఫంక్షన్ అని తెలుసు. డివైస్ కోడ్‌లో ఈ తెలివి ఆపాలి. క్లాంగ్ క్యూడాలో డివైస్‌కి మాత్రమే అని గుర్తుపెట్టిన ఫంక్షన్ పేరు లైబ్రరీ బిల్టిన్‌ని పోలి ఉన్నా దాన్ని బిల్టిన్‌గా చూడదు. ప్రింట్‌ఎఫ్, మాలాక్ మాత్రమే మినహాయింపు. మీ ఫ్రంటెండ్‌లోనూ ఇదే పద్ధతి పెట్టుకోండి.

మ్యాథ్ ఫంక్షన్లు ఎర్రర్ కోడ్ రాసే ఎర్‌నోని డివైస్‌లో పూర్తిగా ఆపేయండి. అది థ్రెడ్‌కొక వేరియబుల్ కావాలి, కెర్నల్‌లో దానికి చోటు లేదు. క్లాంగ్ క్యూడా డివైస్ టూల్‌చెయిన్‌లో ఇది డిఫాల్ట్‌గానే ఆఫ్‌లో ఉంటుంది. ఇందులో లాభం కూడా ఉంది. ఎర్‌నో రాయదని తెలిస్తే ఆ పిలుపుకి సైడ్ ఎఫెక్ట్ లేదని ఆప్టిమైజర్‌కి తెలుస్తుంది, లూప్ బయటికి తీయగలదు, రెండు సార్లు ఉంటే ఒకటి కొట్టేయగలదు. ఎల్‌గామా సైన్‌గ్యామ్ అనే గ్లోబల్‌లో గుర్తు రాస్తుంది, ఆ రాయడాన్నీ ఇదే కారణంతో డివైస్‌లో వదిలేయాలి.

4. లైబ్రరీని కలపడం

లిబ్‌డివైస్‌ని మామూలు లింకర్ దశ దాకా ఆపకండి. ఆప్టిమైజర్ నడవకముందే మీ మాడ్యూల్‌లో కలపాలి. క్లాంగ్‌లో దీనికి లింక్-బిల్టిన్-బిట్‌కోడ్ అనే లోపలి ఆప్షన్ ఉంది. అది మూడు పనులు చేస్తుంది, మీ కంపైలర్ కూడా మూడూ చేయాలి:

- మీ కోడ్ పిలిచిన ఫంక్షన్లనే తీసుకోవాలి, లైబ్రరీ మొత్తం కాదు.
- తెచ్చిన ఫంక్షన్లను ఇంటర్నల్‌గా మార్చాలి, అప్పుడే ఇన్‌లైన్ అయ్యాక మిగిలిన కాపీ పోతుంది.
- టార్గెట్ సీపీయూ, ఫీచర్ల ఆట్రిబ్యూట్లను మీ కెర్నల్‌వే వాటికీ అంటించాలి.

మూడోది చిన్నదిగా కనబడుతుంది. కానీ ఆట్రిబ్యూట్లు పొసగకపోతే ఇన్‌లైనర్ వెనక్కి తగ్గుతుంది. అప్పుడు జవాబు సరిగ్గానే వస్తుంది, కెర్నల్ మాత్రం ఎందుకో నెమ్మదిగా నడుస్తుంది.

మొదట్లో చెప్పిన నియమం ఇక్కడే కరుస్తుంది. ఆప్టిమైజర్ కొత్త పిలుపులు పుట్టిస్తుంది. పౌలో ఆధారం 2 అయితే ఎక్స్‌ప్2గా, ఘాతం 0.5 అయితే కొన్ని షరతులతో వర్గమూలంగా మారుస్తుంది. ఒకే కోణానికి సైన్, కోస్ రెండూ ఉంటే సైన్‌కోస్‌గా కలపాలని చూస్తుంది. సీపీయూలో ఇవన్నీ మంచివే. జీపీయూలో ఈ దశకి లైబ్రరీ కలిపేయడం అయిపోయింది, ఎవరూ పిలవలేదు కాబట్టి ఎక్స్‌ప్2 బాడీ లోపలికి రాలేదు. కొత్తగా పుట్టిన పిలుపు అనాథ.

మందు ఎల్‌ఎల్‌వీఎంలోనే ఉంది. టార్గెట్ లైబ్రరీ ఇన్ఫో అనే పట్టికలో ఈ టార్గెట్‌కి ఏ సీ లైబ్రరీ ఫంక్షన్లు ఉన్నాయో ఉంటుంది. మీ జీపీయూ టార్గెట్‌కి అక్కడ మ్యాథ్ ఫంక్షన్లను ‘లేవు’ అని పెట్టండి. అప్పుడు ఆప్టిమైజర్ వాటిని సొంతంగా పుట్టించదు. పౌ నుంచి ఎక్స్‌ప్2 లాంటి మార్పులు నిజంగా కావాలనుకుంటే, లైబ్రరీ కలపడానికి ముందు నడిచే మీ సొంత పాస్‌లో పెట్టుకోండి.

ఎఫ్‌మాడ్ విషయంలో ఒక ఆశ పుడుతుంది: ఎల్‌ఎల్‌వీఎంలో ఎఫ్‌రెమ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంది కదా, దానికే దించేద్దాం అని. దించకండి. జీపీయూ బ్యాకెండ్ దాన్ని భాగించి, ట్రంక్ చేసి, గుణించి, తీసేసే నాలుగు లెక్కలుగా విప్పవచ్చు. భాగఫలం 2^24 దాటితే ఫ్లోట్‌లో అది పూర్ణ సంఖ్యగా సరిగ్గా పట్టదు, శేషం అర్థం లేనిదవుతుంది. లైబ్రరీలోని ఎఫ్‌మాడ్ నెమ్మది, కానీ సరైనది.

5. లైబ్రరీ లోపలి స్విచ్‌లు

ఒకే బిట్‌కోడ్ రకరకాల సెట్టింగ్‌లకి పనిచేయాలి కాబట్టి లోపల స్విచ్‌లు ఉంటాయి. లిబ్‌డివైస్‌లో __ఎన్‌వీవీఎం_రిఫ్లెక్ట్ అనే ఉత్తుత్తి ఫంక్షన్‌ని పిలిచి ‘సబ్‌నార్మల్స్‌ని (సున్నాకి అతి దగ్గరి చిన్న సంఖ్యల్ని) సున్నా చేయాలా’ అని అడుగుతారు. ఎన్‌వీవీఎం రిఫ్లెక్ట్ పాస్ ఆ పిలుపుని 0 లేదా 1తో మార్చేస్తుంది, మాడ్యూల్‌లో మీరు పెట్టిన ఫ్లాగ్‌ని బట్టి. ఈ పాస్ మీ పైప్‌లైన్‌లో తొందరగా నడవాలి. ఆలస్యమైతే రెండు శాఖలూ బతికే ఉంటాయి, ఇన్‌లైనర్ వాటి సైజు చూసి బెదురుతుంది. ఓసీఎంఎల్‌లో ఇదే పని __ఓసీఎల్‌సీ_ తో మొదలయ్యే కాన్‌స్టంట్లు చేస్తాయి. ఆన్‌కి ఒకటి, ఆఫ్‌కి ఒకటి చిన్న చిన్న బిట్‌కోడ్ ఫైళ్లు ఉంటాయి, సరైనది ఎంచుకుని కలపాలి. వేవ్‌ఫ్రంట్ (కలిసి నడిచే థ్రెడ్ల గుంపు) సైజుకీ, చిప్ వెర్షన్‌కీ కూడా ఇలాగే. ఒకటి మరిచిపోతే సింబల్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది, అది పర్లేదు. తప్పుది కలిపితే ఏమీ రాదు.

ఫాస్ట్-మ్యాథ్ అడిగినప్పుడు ఏమి మారుతుందో మీ డాక్యుమెంటేషన్‌లో విడమరిచి రాయండి. క్యూడా కంపైలర్‌లో ఆ ఒక్క ఆప్షన్ నాలుగైదు పనులు చేస్తుంది: సబ్‌నార్మల్స్ సున్నా అవుతాయి, భాగహారం, వర్గమూలం ఉజ్జాయింపు అవుతాయి, సైన్‌ఎఫ్ లాంటివి వేగం ఎక్కువ, కచ్చితత్వం తక్కువ ఉన్న __సైన్‌ఎఫ్ లాంటివాటికి మళ్లుతాయి. ఈ __సైన్‌ఎఫ్ తప్పు -π నుంచి π లోపు గరిష్ఠంగా 2^-21.41 అని ఎన్‌విడియా డాక్యుమెంటేషన్ చెబుతుంది. అది నిరపేక్ష తప్పు (అబ్సల్యూట్ ఎర్రర్), యూఎల్‌పీ (జవాబులో చివరి బిట్ విలువ) లెక్క కాదు. జవాబు సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు అదే తప్పు జవాబుకన్నా పెద్దదైపోవచ్చు. మామూలు సైన్‌ఎఫ్‌కి హామీ 2 యూఎల్‌పీ. నా సలహా, వీటిని ఒకే ఆప్షన్ కింద కట్టేయకుండా విడివిడిగా ఇవ్వండి. ఎక్కువమందికి కావలసింది వేగమైన భాగహారమే.

6. పాయింటర్ తీసుకునే ఫంక్షన్లు

సైన్‌కోస్, ఫ్రెక్స్‌ప్, మాడ్‌ఎఫ్, రెమ్‌క్వో జవాబులో ఒక భాగాన్ని పాయింటర్ ద్వారా ఇస్తాయి. ఏఎండీలో స్టాక్ మెమరీ వేరే అడ్రస్ స్పేస్‌లో, అంటే 5వ దాంట్లో ఉంటుంది. ఓసీఎంఎల్ ఫంక్షన్ ఆ స్పేస్ పాయింటర్‌నే అడుగుతుంది. యూజర్ ఇచ్చింది జెనెరిక్ పాయింటర్. దాన్ని క్యాస్ట్ చేసి పంపితే, యూజర్ గ్లోబల్ మెమరీ అడ్రస్ ఇచ్చిన రోజున కొంప మునుగుతుంది. మీ రేపర్‌లో ఒక లోకల్ వేరియబుల్ పెట్టుకుని, దాని అడ్రస్ లైబ్రరీకి ఇచ్చి, వచ్చిన విలువని యూజర్ పాయింటర్‌లోకి కాపీ చేయండి. ఇన్‌లైన్ అయ్యాక ఆ లోకల్ రిజిస్టర్‌లోకి మారిపోతుంది, ఖర్చేమీ ఉండదు. క్లాంగ్‌లో హిప్ (ఏఎండీకి క్యూడా లాంటిది) హెడర్ చేసేదీ ఇదే.

7. టెస్టింగ్

మొదటి టెస్ట్ చాలా చవక. పట్టికలోని ప్రతి ఫంక్షన్‌నీ పిలిచే కెర్నల్ రాసి, ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, పూర్తి ఆప్టిమైజేషన్‌తో ఒకసారి కంపైల్ చేయండి. బయటికొచ్చిన పీటీఎక్స్‌లో ఎక్స్‌టర్న్ ఫంక్షన్ డిక్లరేషన్ మిగిలిందేమో వెతకండి. ఏఎండీ ఆబ్జెక్ట్‌లో అన్‌డిఫైన్డ్ సింబల్స్ చూడండి. నిర్వచనం లేని మ్యాథ్ పేరు ఒక్కటి కనబడినా టెస్ట్ ఫెయిల్. రెండు లెవెల్స్‌లోనూ ఎందుకంటే, ఆప్టిమైజర్ పుట్టించే అనాథలు రెండోదాంట్లోనే బయటపడతాయి. మొదటిదాంట్లో బయటపడేవి వేరు: రిఫ్లెక్ట్ పాస్ ఆప్టిమైజేషన్ ఉంటేనే నడిచేలా పెట్టారనుకోండి, అది ఇక్కడ దొరుకుతుంది.

కచ్చితత్వానికి, ఒక ఆర్గ్యుమెంట్ ఉన్న ఫ్లోట్ ఫంక్షన్లను శాంపిల్ తీసుకుని టెస్ట్ చేయాల్సిన పనే లేదు. మొత్తం విలువలు 2^32, అంటే 429 కోట్ల పైచిలుకు. జీపీయూకి అదేం పెద్ద లెక్క కాదు, అన్నీ నడిపేయండి. రిఫరెన్స్‌గా డబుల్‌లో లెక్కించిన విలువ దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. డబుల్ ఫంక్షన్లకి ఎంపీఎఫ్ఆర్ లాంటి ఎక్కువ ప్రెసిషన్ లైబ్రరీ కావాలి, విలువలన్నీ నడపడం కుదరదు కాబట్టి ర్యాండమ్ విలువలతో పాటు అంచు విలువలు వేయండి. ఎంత తేడాని ఒప్పుకోవాలో తోచకపోతే ఓపెన్‌సీఎల్ స్పెసిఫికేషన్ అంకెలతో మొదలుపెట్టండి: ఫ్లోట్‌లో సైన్‌కి 4 యూఎల్‌పీ, ఎక్స్‌ప్, లాగ్‌లకి 3, పౌకి 16.

అంచు విలువల్లో నాన్ (సంఖ్య కాని విలువ), ప్లస్ మైనస్ సున్నాలు, ఇన్ఫినిటీలు, సబ్‌నార్మల్స్ ఎలాగూ ఉంటాయి. పౌలో ఆధారం 1 అయితే ఘాతం నాన్ అయినా జవాబు 1 రావాలి. సైన్‌కి 105615 కన్నా పెద్ద కోణాలు తప్పకుండా వేయండి. క్యూడా ఫ్లోట్ సైన్ ఆ హద్దు దాటితే నెమ్మది దారిలోకి వెళ్లి లోకల్ మెమరీ వాడుతుంది. ఎవరైనా ‘కెర్నల్‌లో నేను అర్రే పెట్టలేదు, ఈ లోకల్ మెమరీ ఎక్కడిది’ అని అడిగితే ఒక కారణం ఇది కావచ్చు.

హోస్ట్ జవాబుతో బిట్ బిట్ సరిపోవాలని మాత్రం టెస్ట్ రాయకండి. సైన్ 0.5 అని కాన్‌స్టంట్‌తో పిలిస్తే కంపైలర్ దాన్ని తను నడుస్తున్న మెషీన్ మ్యాథ్ లైబ్రరీతో ముందే లెక్కించేయగలదు. అదే 0.5 మెమరీ నుంచి వస్తే డివైస్ లైబ్రరీ లెక్కిస్తుంది. రెండూ హద్దులోనే ఉండి చివరి బిట్‌లో తేడా పడొచ్చు. ఎఫ్ఎంఏ సంగతీ అంతే. క్యూడా డివైస్ కోడ్‌లో గుణకారం, కూడిక కలిపేయడం డిఫాల్ట్. x, y సమానమైనప్పుడు x*x - y*y సున్నా రావాలి. కానీ ఒక గుణకారం రౌండ్ అయి, రెండోది ఎఫ్ఎంఏ లోపల రౌండ్ కాకుండా ఉండిపోతే అతి చిన్న రుణ సంఖ్య రావచ్చు. దాని మీద వర్గమూలం వేస్తే నాన్. బగ్ రిపోర్ట్ వర్గమూలం మీద వస్తుంది, తప్పు మాత్రం దానిది కాదు. అలాంటి రిపోర్ట్ వచ్చినప్పుడు ముందుగా కాంట్రాక్షన్ (గుణకారం, కూడిక కలిపేయడం) ఆపి మళ్లీ నడపమని అడగండి.

పట్టికలో ‘లేదు’ అని రాసిన గడులకి ఎర్రర్ ఫ్రంటెండ్ నుంచే రావాలి, ఫంక్షన్ పేరు, టైపు, యూజర్ ఫైల్‌లో లైన్ నంబర్‌తో సహా. లాంగ్ డబుల్ సైన్‌ని డబుల్‌కి దించేసి ఊరుకోకండి. అయితే హెడర్‌లో డిక్లరేషన్ కనబడగానే ఎర్రర్ ఇస్తే ఏ ప్రోగ్రామూ కంపైల్ కాదు. ఆ ఫంక్షన్ నిజంగా డివైస్ కోడ్‌లోకి ఎమిట్ అయ్యేదాకా ఎర్రర్‌ని వాయిదా వేసి, అప్పుడు పిలిచిన చోటునీ, అక్కడిదాకా తెచ్చిన పిలుపుల వరసనీ చూపించండి.